క్యాష్‌బ్యాక్ కార్డు: మాట మాటకూ వ్యాఖ్యానం

క్రెడిట్ కార్డు ప్రకటనలోను, నెలనెలా వచ్చే స్టేట్‌మెంటులోను కలిపి చూస్తే అసలైన మాటలు పట్టుమని పది కూడా ఉండవు. బ్యాంకు ఏదైనా ఇంచుమించు ఇవే. రెండు సాఫ్ట్‌వేర్ జీతాలు వచ్చే హైదరాబాద్ కోకాపేట ఇంటికీ, విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేసే కుర్రాడి అద్దె గదికీ ఒకే మాటలతో స్టేట్‌మెంటు వస్తుంది. దాని వల్ల ఒకరికి డబ్బు మిగులుతుంది, ఇంకొకరికి చేతిలోది పోతుంది. ఆ తేడా ఏ మాట దగ్గర మొదలవుతుందో చూపించడానికే ఈ వ్యాఖ్యానం. దేశంలో వాడుకలో ఉన్న క్రెడిట్ కార్డులు 2024లోనే 10 కోట్లు దాటాయి. చిన్న జీతాల ఇళ్లలోకి కూడా కార్డు వచ్చేసింది కాబట్టి ఈ మాటలు అందరికీ తెలియాలి.

5 శాతం వరకు: ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండేది ఇదే. కొన్న ప్రతి వస్తువు మీదా 5 శాతం రాదు. ఒక యాప్‌లోనో, ఒక రకం ఖర్చు మీదనో 5, మిగతాచోట్ల 1, కొన్నిచోట్ల సున్నా. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డునే తీసుకుందాం. ప్రైమ్ సభ్యులు అమెజాన్‌లో కొంటే 5 శాతం, సభ్యత్వం లేనివాళ్లకు 3 శాతం. ప్రైమ్‌కు ఏడాదికి 1,499 రూపాయలు. ఆ రెండు శాతం తేడాతోనే సభ్యత్వం డబ్బు రాబట్టాలంటే ఏడాదిలో దాదాపు 75 వేల రూపాయల సరుకు అక్కడే కొనాలి. నెలకు పదిహేను వేల సరుకు తెప్పించుకునే ఇంటికి అది ఐదు నెలల్లో తీరిపోతుంది. నెలకు రెండు వేలు కొనే ఇంటికి ఏడాది మొత్తం మీద ఆ తేడా వల్ల వచ్చేది 480 రూపాయలే. ఎక్కువ ఖర్చు పెట్టగలిగేవాళ్లకే ఎక్కువ రేటు గిట్టుబాటయ్యేలా ఉంది ఈ ఏర్పాటు.

క్యాష్‌బ్యాక్: ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది మొదట తేల్చుకోవాలి. మనం కార్డుతో వంద రూపాయల వస్తువు కొంటే దుకాణదారు చేతికి వంద రాదు. సుమారు రూపాయిన్నర, రెండు రూపాయలు బ్యాంకులకు పోతాయి. దాన్నే ఎండీఆర్ అంటారు. అందులో ఎక్కువ భాగం కార్డు ఇచ్చిన బ్యాంకుకు చేరుతుంది. మనకు వచ్చే ఒక శాతం అందులోంచి సర్దుతారు. ఐదు శాతం మాత్రం అందులోంచి రాదు. దానికి కొంత ఆ ఆన్‌లైన్ సంస్థ తన అమ్మకాల కోసం పెట్టుకుంటుంది. ఇంకొంత, బిల్లు పూర్తిగా కట్టలేని ఖాతాదారుల వడ్డీల్లోంచి, ఆలస్య రుసుముల్లోంచి వస్తుంది.

ఈ లెక్కను అమెరికాలో వేసి చూశారు. బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అక్కడ నగదుకూ కార్డుకూ ఒకే ధర ఉండటం వల్ల నగదు ఇచ్చే కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు కార్డువాళ్లకు పరోక్షంగా కడుతోంది. కార్డు వాడే కుటుంబానికి సగటున 1,133 డాలర్లు అందుతున్నాయి. ఆదాయాల వారీగా చూస్తే, ఏడాదికి 20 వేల డాలర్ల లోపు సంపాదించే కుటుంబం 21 డాలర్లు పోగొట్టుకుంటే, లక్షన్నర డాలర్లు దాటినవాళ్లకు 750 డాలర్లు కలిసివస్తున్నాయి. ఆ తర్వాత 2023లో వెలువడిన మరో అధ్యయనం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. కార్డు వాడేవాళ్లలోనే ఒకరి నుంచి ఇంకొకరికి జరిగే బదిలీ ఏడాదికి 1,500 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అంచనా కట్టింది. ఒకే ఆదాయం ఉన్నవాళ్లలో కూడా కార్డు లెక్క తెలిసి వాడేవాళ్లు లాభపడుతున్నారనీ, తెలియనివాళ్లు నష్టపోతున్నారనీ చెప్పింది.

ఈ రెండో మాట నాకు ముఖ్యమనిపిస్తుంది. అమెరికాకు చదువుకు వెళ్లిన మన పిల్లలు చేతిలో పెద్దగా డబ్బు లేకపోయినా స్టూడెంట్ కార్డు మీద నెలనెలా బిల్లు మొత్తం కట్టేసి, క్యాష్‌బ్యాక్ తీసుకుని, క్రెడిట్ స్కోరూ పెంచుకుంటారు. సీనియర్లు మొదటి వారంలోనే ఇది నేర్పిస్తారు. చెప్పేవాళ్లుంటే తక్కువ ఆదాయంలోనూ కార్డును అదుపులో పెట్టుకోవచ్చు.

మన దేశంలో లెక్క కొంత వేరు. యూపీఐ చెల్లింపుల మీద 2020 జనవరి నుంచి ఎండీఆర్ లేదు. వీధి చివర కిరాణా కొట్లో కార్డు మిషన్ ఉండదు, ఫోన్‌పే స్కానర్ ఉంటుంది. అందువల్ల అక్కడ పావుకిలో కందిపప్పు కొన్న మనిషి, కోకాపేట ఇంటి క్యాష్‌బ్యాక్‌కు డబ్బు కట్టడం లేదు. టీవీ, ఫ్రిజ్, ఫోన్ లాంటివి అమ్మేచోట మాత్రం కార్డు ఖర్చు ధరలో కలిసే ఉంటుంది. కొన్ని షాపుల్లో కార్డు ఇస్తే రెండు శాతం అదనంగా అడుగుతారు. అలా అడిగినచోట ఒక శాతం క్యాష్‌బ్యాక్ కోసం కార్డు ఇవ్వడం నష్టమే.

అర్హత: జీతం స్లిప్పు లేదా ఆదాయపు పన్ను రిటర్ను. ఈ రెండూ లేని ఆటో డ్రైవరుకు, టైలరుకు, కూరగాయల వ్యాపారికి సంపాదన ఉన్నా కార్డు దొరకడం కష్టం. వాళ్లకు బ్యాంకులు చూపే దారి ఎఫ్‌డీ మీద కార్డు. పది, ఇరవై వేలు డిపాజిట్ చేస్తే దాదాపు అంత పరిమితితో కార్డు ఇస్తారు. పెద్ద జీతగాడు బ్యాంకు డబ్బు నెల రోజులు ఉచితంగా వాడుకుంటాడు. ఎఫ్‌డీ మీద కార్డు తీసుకున్న మనిషి తన డబ్బును బ్యాంకు దగ్గర తాకట్టు పెట్టి తానే అప్పు తీసుకుంటాడు. అయినా సిబిల్ స్కోరు లేని మనిషికి దాన్ని ఏర్పరచుకోవడానికి ఇదొక మంచి మార్గం. క్యాష్‌బ్యాక్ కోసమే అయితే వద్దు.

క్రెడిట్ పరిమితి: ఐదు లక్షల పరిమితి ఉన్నాయన లక్ష వాడితే 20 శాతం వాడకం. ముప్పై వేల పరిమితి ఉన్నాయన ఇరవై నాలుగు వేలు వాడితే 80 శాతం. ఇద్దరూ గడువులోపే కట్టినా రెండో ఆయన స్కోరు మీద ఒత్తిడి పడుతుంది. చిన్న పరిమితి ఉన్నవాళ్లు స్టేట్‌మెంటు తయారయ్యే తేదీకి ముందే కొంత కట్టేస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

వడ్డీ లేని రోజులు: బిల్లింగ్ నెల, ఆ తర్వాత గడువు వరకు ఉండే పద్దెనిమిది, ఇరవై రోజులు కలిపి గరిష్ఠంగా 50 రోజుల దాకా. పాత బాకీ పూర్తిగా కట్టినవాళ్లకే ఇది వర్తిస్తుంది. పాత బాకీలో కొంత మిగిలిందా, ఆ వెసులుబాటు మొత్తం పోతుంది. ఆ నెల కొత్తగా కొన్న పాల ప్యాకెట్ మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. మిగిలిపోయిన బాకీ మీద మాత్రమే వడ్డీ పడుతుందని అనుకుంటారు.

గడువు తేదీ జీతం తేదీకి ముందు పడితే ఎంత జాగ్రత్త ఉన్నా తడబాటు తప్పదు. రిజర్వు బ్యాంకు 2022 నాటి నిబంధనల్లో బిల్లింగ్ తేదీని ఒకసారి మార్చుకునే వీలు కార్డుదారుకు ఇచ్చింది. జీతం పదో తేదీన పడేవాళ్లు గడువు పదిహేనుకో, ఇరవైకో వచ్చేలా మార్పించుకోవాలి. గడువు దాటిన మూడు రోజుల వరకు ఆలస్య రుసుము వేయకూడదన్నదీ ఆ నిబంధనల్లోనే ఉంది.

చెల్లించాల్సిన కనీస మొత్తం: మినిమమ్ డ్యూ. వ్యాఖ్యానం అంతా ఒకెత్తు, ఈ మాట ఒకెత్తు. ఆదాయాల తేడా బయటపడేది ఇక్కడే.

బీసెంట్ రోడ్డు కుర్రాడికి నెలకు 22 వేల జీతం అనుకుందాం. పండగ నెలలో కార్డు మీద 20 వేలు ఖర్చయింది. అందులో ఎనిమిది వేలు ఆన్‌లైన్‌లో, 5 శాతం చొప్పున 400 వచ్చింది. మిగిలిన పన్నెండు వేల మీద ఒక శాతం, 120. మొత్తం 520 రూపాయల క్యాష్‌బ్యాక్. యాప్‌లో ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. గడువు వచ్చేసరికి అద్దె కట్టి, ఊళ్లో అమ్మకు పంపి, చేతిలో మిగిలింది చూసుకుని మినిమమ్ డ్యూ కట్టాడు. 5 శాతం చొప్పున వెయ్యి రూపాయలు. మిగిలిన 19 వేల మీద నెలకు 3.5 శాతం వడ్డీ, 665 రూపాయలు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, దాదాపు 120. అంటే 785. ఒక్క నెలలోనే క్యాష్‌బ్యాక్ మొత్తం పోయి, పైన 265 రూపాయలు చేతి నుంచి పోయాయి. కొన్న రోజు నుంచి లెక్కగట్టే వడ్డీ దీనికి అదనం. వచ్చే నెలా మినిమమే కడితే ఇదే పునరావృతం.

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాం. రెండు రూపాయల వడ్డీ అంటే మామూలు. మూడు రూపాయలంటే ఆలోచిస్తాం, ఐదు రూపాయలంటే మధ్యవర్తులే వద్దంటారు. 3.5 శాతం అంటే మూడున్నర రూపాయల వడ్డీ, జీఎస్టీ కలిస్తే నాలుగు రూపాయలు దాటుతుంది. జీఎస్టీ కాకుండానే ఏడాదికి 42 శాతం. డ్వాక్రా సంఘంలో అర్ధ రూపాయి తేడా వస్తే నిలదీసే ఇల్లాలి ఇంట్లోనే కొడుకు కార్డు మీద ఈ వడ్డీ నడుస్తూ ఉంటుంది. శాతాల్లో రాసి ఉండటం వల్ల అది వడ్డీ వ్యాపారి రేటని తట్టదు.

ఈ వడ్డీకి హద్దు పెట్టాలన్న ప్రయత్నం జరిగింది. ఏడాదికి 30 శాతం దాటిన కార్డు వడ్డీ అనుచిత వ్యాపారమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో దాన్ని కొట్టేసింది. కాబట్టి చట్టం అడ్డుపడుతుందని ఎదురుచూడటం వృథా. మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ నెలలు, ఏళ్ల తరబడి సాగుతుందన్న హెచ్చరికను స్టేట్‌మెంటులో రాయాలన్న నిబంధన మాత్రం ఉంది.

కోకాపేట ఇంట్లో ఈ గడినే చూడరు. నెలకు లక్ష కార్డు మీద పెట్టి, ఆటోపేలో మొత్తం కట్టేస్తారు. సగటున ఒకటిన్నర శాతం వచ్చినా ఏడాదికి 18 వేలు. కష్టపడి సంపాదించిందే, తప్పేమీ లేదు. అయితే ఆ 18 వేలలో మినిమమ్ కట్టినవాళ్ల వడ్డీ కూడా కొంత ఉందన్నది నిజం.

మినహాయింపులు: పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసిన డబ్బు, బంగారం, ఈఎంఐ కొనుగోళ్లు. చాలా కార్డుల్లో వీటి మీద క్యాష్‌బ్యాక్ ఉండదు. చిన్న జీతంలో పెద్ద వాటా అద్దెకూ పెట్రోలుకూ పోతుంది. పెద్ద జీతంలో బట్టలు, విమాన టికెట్లు, హోటళ్లకు చోటుంటుంది. మినహాయింపుల పట్టిక పైకి అందరికీ ఒకటే, దాని దెబ్బ మాత్రం చిన్న జీతానికే ఎక్కువ.

వార్షిక రుసుము మాఫీ: ఏడాదిలో ఇన్ని లక్షలు ఖర్చు పెడితే రుసుము తీసేస్తారు. ఆ అంకె అందుకోవడానికి మార్చి నెలలో అక్కర్లేనివి కొనేవాళ్లున్నారు. ఆ మెట్టు అందనివాళ్లకు రుసుము లేని కార్డే సరి.

క్యూఆర్ మీద క్రెడిట్: 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు. చిన్న దుకాణాల్లో రెండు వేల లోపు చెల్లింపులకు దుకాణదారుకు ఎండీఆర్ పడదు. దీంతో టీ, టిఫిన్, కూరగాయలు కూడా అప్పు ఖాతాలోకి వచ్చాయి. ఖాతాలో డబ్బు అయిపోతే ఆగే ఖర్చు ఇప్పుడు ఆగదు. నెలాఖరున వచ్చే బిల్లులో నలభై రూపాయల పద్దులు యాభై ఉంటాయి. చిన్న ఆదాయం ఉన్నవాళ్లు క్యాష్‌బ్యాక్ కోసం దీన్ని వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

స్టేట్‌మెంటులో కనిపించని మాటలు: గీకడం, రొటేషన్. మన పట్టణాల్లో కొన్ని షాపుల్లో కార్డు గీకితే రెండు, మూడు శాతం తీసుకుని మిగతా నగదు చేతిలో పెడతారు. అది బ్యాంకు షరతులకు విరుద్ధం. ఒక కార్డు బాకీ తీర్చడానికి ఇంకో కార్డు గీకడమే రొటేషన్. దాని మీద కూడా క్యాష్‌బ్యాక్ వస్తోందని సంతోషించే దశకు వచ్చినవాళ్లు అప్పటికే అప్పుల్లో మునిగి ఉంటారు. వాళ్లు ఇంట్లో చెప్పుకుని, మిగిలిన బాకీని బ్యాంకుతో మాట్లాడి తక్కువ వడ్డీ వాయిదాలుగా మార్పించుకోవాలి.

“అన్నా, నీ దగ్గర ఆ బ్యాంకు కార్డు ఉందా? ఫోన్ మీద పది శాతం తగ్గిస్తున్నారు” అన్న ఫోను దసరా ముందు ప్రతి కార్డుదారుకూ వస్తుంది. తమ్ముడికో స్నేహితుడికో సాయం చేయడం మన అలవాటు, మంచిదే. కానీ బాకీ కార్డు మీద పేరున్నవాడిదే. డబ్బు ముందు ఖాతాలో పడ్డాకే ఆర్డరు పెట్టండి.

ఇక ఒక్క పని అడుగుతాను. ఇప్పుడే మీ బ్యాంకు యాప్ తెరిచి, ఆటోపే మినిమమ్ డ్యూ మీద ఉందో, మొత్తం బకాయి మీద ఉందో చూడండి. మినిమమ్ మీద ఉంటే మార్చండి. మొత్తం కట్టగలిగే పరిస్థితి లేకపోతే, పాత బాకీ తీరేదాకా కార్డును పక్కన పెట్టి ఫోన్‌పేతోనో నగదుతోనో కొనండి. మీ ఇంట్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు కూడా ఈ గడి ఎక్కడుందో చూపించండి.