బొగ్గుపొగకు లెక్క కట్టిన ఇంజనీరు

1938వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున లండనులోని రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ సభలో గై స్టువర్ట్ కాలెండర్ అను నతడు ఒక వ్యాసమును చదివెను. ఆయన వాతావరణ శాస్త్రజ్ఞుడు కాడు. ఆవిరి శక్తిని గూర్చి పరిశోధించు ఇంజనీరు. ఈ పని తీరికవేళలలో చేసినది. ప్రపంచమందలి 147 కేంద్రముల ఉష్ణోగ్రతల పట్టికలను ప్రోగుచేసి, భూమి వెచ్చబడుచున్నదని ఆయన తేల్చెను. గడచిన అర్ధశతాబ్దిలో మానవులు బొగ్గు మున్నగు ఇంధనములను కాల్చి వదలిన బొగ్గుపులుసు వాయువు సుమారు 15,000 కోట్ల టన్నులనియు, అందు ముప్పాతిక భాగము గాలిలోనే నిలిచినదనియు, వెచ్చదనమునకు అది యొక కారణమనియు ఆయన వాదము.

సభలోని పెద్దలు నమ్మలేదు. అప్పటి బ్రిటిష్ వాతావరణ శాఖాధిపతి సర్ జార్జి సింప్సన్, పూర్వము మన సిమ్లా వాతావరణ కార్యాలయమున పనిచేసిన వాడే, శ్రమను మెచ్చుకొనుచునే, ఆ రెండు పెరుగుదలలును కాకతాళీయములని పలికెను. బయటివాని మాట యని పెద్దలకు కొంత చులకన యుండెనేమో కాని, వారి సందేహము నిరాధారము మాత్రము కాదు. ఈ వాయువు వేడిని పీల్చునని టిండాల్ 1859లోనే చూపెను. అది రెట్టింపైనచో భూమి అయిదారు డిగ్రీలు వేడెక్కునని 1896లో స్వీడను శాస్త్రజ్ఞుడు అరీనియస్ గణించెను. కాని 1900లో అదే దేశపు ఆంగ్‌స్ట్రామ్ ఒక గొట్టమున ఈ వాయువును నింపి పరీక్షింపగా, వాయువును తగ్గించినను పీల్చుకొను వేడి అంతగా తగ్గలేదు. ఉన్న వాయువే పీల్చవలసినదంతయు పీల్చుచున్నది గదా, అదనముగా చేరినది చేయునదేమి? పైగా సముద్రము ఉండనే యున్నది. మిగిలినది అది మ్రింగివేయును. ఇదీ పెద్దల వాదము.

అయితే ఆకాశము గొట్టము వంటిది కాదు. భూమి వేడిని వెలుపలికి పంపునవి ముఖ్యముగా పైపొరలు. అచ్చట గాలి పలుచన, చల్లన, నీటియావిరి స్వల్పము. వాయువు పెరిగినకొలది వేడి తప్పించుకొను పొర మరింత ఎత్తునకు, మరింత చలిలోనికి జరుగును. చల్లని పొర వెదజల్లు వేడి తక్కువ గనుక మిగిలినది క్రిందనే నిలుచును. 1956లో గిల్బర్ట్ ప్లాస్ గణనయంత్రము సాయముతో ఈ లెక్కను నిలబెట్టెను. సముద్రజలము తన రసాయన స్వభావముచేత ఈ వాయువును అంత సులభముగా స్వీకరింపదని 1957లో రెవెల్, స్యూస్ చూపిరి. మరుసటి సంవత్సరమే హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతముపై కీలింగ్ కొలత మొదలిడెను. అప్పుడు గాలిలో పదిలక్షల పాళ్ళకు ఇంచుమించు 315 పాళ్ళు. నేడు 420 దాటినది. కాలెండర్ 1964లో మరణించెను. వెచ్చదనము పంటలకు మేలు చేయుననియు, మంచుయుగమును దూరముగా నుంచుననియు 1938లో ఆయన తలచెనన్నది ఒక విచిత్రము!

సింప్సన్ సందేహము కొలతతో తీరదగినది. తరువాత వచ్చిన సందేహము వేరు. ఎక్సాన్ చమురు సంస్థ శాస్త్రజ్ఞులు 1977 మొదలుకొని వేసిన అంచనాలు తరువాతి ఉష్ణోగ్రతలతో బాగుగా సరిపోయినవని 2023లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చినది. ఆ సంస్థయే ఏండ్ల తరబడి, శాస్త్రము ఇంకను స్థిరపడలేదని జనులకు చెప్పుచు వచ్చెను. కొలత తెలిసినవారే పలికిన సందేహమును సింప్సన్ సందేహముతో ఒక్కగాట కట్టుట అన్యాయమని మాకు తోచుచున్నది.

వేడి సంగతి తేలినను, బొగ్గును విడుచుట ఎట్లన్న ప్రశ్న మిగిలియే యున్నది. 1882లో లండనులోని హోల్‌బర్న్ వద్ద బొగ్గు విద్యుత్తును ప్రారంభించిన బ్రిటను, 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్ కేంద్రమును మూసి దానికి స్వస్తి చెప్పెను. మనకది సులభము కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించినది మొదలు గోదావరి లోయలో ఊళ్ళకు ఊళ్ళే సింగరేణి గనులపై వెలసినవి. గని మూతబడినచో ఆ కార్మికుని బిడ్డలు ఏమి తినవలెనను సందేహమును ఏ ఉష్ణమాపకమును తీర్చలేదు. అది ప్రభుత్వములు సమాధానము చెప్పవలసిన ప్రశ్న. రామగుండము విద్యుత్ కేంద్రపు జలాశయము మీద 2022 నుండి 100 మెగావాట్ల సౌరఫలకములు తేలుచున్నవి. ఆ కేంద్రమునకు బొగ్గు బండ్లు నేటికిని వచ్చుచునే యున్నవి.