నికుమారోరో ద్వీపంలోని ఎముకలు: ఏడు కొలతలు, రెండు నిర్ణయాలు

పసిఫిక్ మహాసముద్రంలోని నికుమారోరో ద్వీపంలో 1940లో లభించిన ఎముకలు ఎవరివన్నది నేటికీ తేలలేదు. అవి అమెరికా విమాన చోదకురాలు అమేలియా ఇయర్‌హార్ట్‌వి కావచ్చునని ఒక వర్గం భావిస్తుండగా, ఒక పురుషునివేనని మరో వర్గం వాదిస్తోంది. ఎముకలు కనిపించకుండా పోవడంతో వివాదమంతా ఒక వైద్యుడు నమోదు చేసిన కొలతల చుట్టూనే తిరుగుతోంది.

నేపథ్యం

విమానంలో భూగోళాన్ని చుట్టిరావాలని బయలుదేరిన ఇయర్‌హార్ట్, 1937 జూన్‌లో అవిభక్త భారతదేశంలోని కరాచీ, కలకత్తాల మీదుగా ప్రయాణించారు. జులై 2న న్యూగినీలోని లే నుంచి హౌలాండ్ దీవికి వెళ్తూ, మార్గనిర్దేశకుడు ఫ్రెడ్ నూనన్‌తో సహా అదృశ్యమయ్యారు. హౌలాండ్‌కు ఆగ్నేయంగా సుమారు 640 కిలోమీటర్ల దూరంలో నికుమారోరో ఉంది. నాడు గార్డనర్ దీవిగా పిలిచిన ఈ పగడపు దీవి ప్రస్తుతం కిరిబాటి దేశంలో భాగం.

లభించినవి

1940లో దీవి పాలనాధికారి జెరాల్డ్ గల్లఘర్ పుర్రె, దవడ, కటి, తొడ ఎముకలతో సహా 13 ఎముకలను సేకరించారు. సమీపంలో స్త్రీ పాదరక్షదిగా తోచిన అడుగుభాగం, నావికులు వాడే సెక్స్‌టెంట్ పరికరపు పెట్టె కూడా కనిపించాయి. వీటిని ఫిజీలోని సువాకు పంపగా, 1941లో అక్కడి వైద్య పాఠశాల ప్రధానాచార్యుడు డాక్టర్ డి.డబ్ల్యూ. హూడ్‌లెస్ ఎముకలను పరీక్షించారు. పుర్రెకు నాలుగు, పొడవాటి ఎముకలకు మూడు కొలతలు తీశారు. కటి ఎముక కోణం, తొడ ఎముకల అమరిక తదితర లక్షణాలను బట్టి అవి సుమారు ఐదడుగుల అయిదున్నర అంగుళాల ఎత్తున్న, దృఢకాయుడైన నడివయసు పురుషునివని నిర్ధారించారు. అనంతరం ఆ ఎముకల జాడ లేకుండా పోయింది.

భిన్న నిర్ణయాలు

హూడ్‌లెస్ నివేదిక 1990వ దశకం చివర వెలుగులోకి వచ్చింది. 1998లో మానవ శాస్త్రవేత్తలు కారెన్ బర్న్స్, రిచర్డ్ జాంట్జ్ ఆ కొలతలను ఆధునిక గణాంకాలతో పోల్చి, ఐరోపా సంతతికి చెందిన ఎత్తైన స్త్రీ అయ్యే అవకాశమే ఎక్కువని పేర్కొన్నారు. 2015లో పమేలా క్రాస్, రిచర్డ్ రైట్ దీనిని ఖండించారు. ఎముకలను కళ్లారా చూసి పరీక్షించిన హూడ్‌లెస్ నిర్ణయాన్ని తోసిపుచ్చడానికి తగిన ఆధారం లేదన్నది వారి వాదన.

2018లో జాంట్జ్ మరో అధ్యయనం ప్రచురించారు. ఛాయాచిత్రాలు, భద్రపరచిన దుస్తుల ఆధారంగా ఇయర్‌హార్ట్ ఎముకల పొడవును అంచనా వేసి, 2,776 మంది కొలతలతో పోల్చారు. నమూనాలోని 99 శాతం మంది కంటే ఆమెకే ఆ ఎముకలు ఎక్కువగా సరిపోలుతున్నాయని తేల్చారు.

ఈ శాతం అర్థమేమిటి?

ఆ ఎముకలు ఆమెవే కావడానికి 99 శాతం అవకాశం ఉందని దీని అర్థం కాదు. పోలికకు తీసుకున్న వారిలో ఆమె అంత దగ్గరగా సరిపోలేవారు అతి కొద్దిమందేనని మాత్రమే అది సూచిస్తుంది. ఆ దీవికి చేరుకునే అవకాశం ఉన్నవారెవరన్నది వేరే ప్రశ్న. 1929లో నార్విచ్ సిటీ నౌక అక్కడి పగడపు దిబ్బను ఢీకొన్నప్పుడు 11 మంది మరణించారు. వారిలో ఎవరివైనా కావచ్చుననే అవకాశాన్నీ పరిశోధకులు పరిశీలించారు. పైగా ఇయర్‌హార్ట్ ఎముకల కొలతలు సైతం అంచనాలే.

ఎముకలు భద్రంగా ఉండి ఉంటే, జన్యు పరీక్ష ద్వారా బంధువులతో పోల్చి చూసే వీలుండేది. అవి దొరకనంత వరకు, హూడ్‌లెస్ నివేదికను ఎవరు ఎలా చదివినా అది సంభావ్యతే తప్ప గుర్తింపు కాబోదు. 2019లో సముద్ర అన్వేషకుడు రాబర్ట్ బల్లార్డ్ ఆ దీవి పరిసర జలాల్లో గాలించినా విమానం ఆనవాళ్లు లభించలేదు.