ఒక్కవేటు తుపాకులు - గుండు కొలతల చరిత్ర



కావ్యవ్యాకరణములు చదివిన వృద్ధుడు తుపాకిగుండును గుఱించి ప్రసంగించుట యేమని మీలో కొందఱికి తోచవచ్చును. బడిలో నేను పెక్కేండ్లు చరిత్రయు గణితమును చెప్పితిని. ఈ విషయమున ఆ రెండును గలవు. వానికంటె ముఖ్యముగ ధర్మవిచారము గూడ నిందు గలదు.

మన పల్లెలలోని పాత నాటుతుపాకిని మీ రెఱుగుదురు. మందు దట్టించి, గుండు వేసి, ఒక్కమాఱు పేల్చినచో, మరల దట్టించువఱకు అది వట్టి గొట్టమే. అట్లే ఒక్క తూటా మాత్రమే పట్టునట్టి వేటతుపాకులను పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లాండునందును అమెరికాయందును మిక్కిలి నేర్పుతో చేసిరి. ఉన్నది ఒక్క వేటు. దానికి గుండు ఎంత లావుండవలెను? ఈ ప్రశ్నపై వేటగాండ్రు అర్ధశతాబ్దమునకు పైగా వాదించుకొనిరి. ఆ వాదచరిత్రయే నేటి ప్రసంగము.

మొదట కొలతమాట చెప్పెదను. పూర్వము ఇంగ్లీషువారు గొట్టపు వెడల్పును అంగుళములలో చెప్పెడివారు కారు. ఒక పౌను సీసమును కరగించి సమానమైన గుండ్రని గుండ్లు ఎన్ని పోసినచో వానిలో నొకటి గొట్టమునకు సరిపోవునో, ఆ సంఖ్యయే ఆ తుపాకి బోరు. నాలుగు బోరు తుపాకి గుండు పావుపౌను. మన తూనికలో తొమ్మిదిన్నర తులములకు పైమాట. పండ్రెండు బోరు గుండు ఇంచుమించు మూడుంబావు తులములు. సంఖ్య పెరిగినకొలది గుండు చిన్నదగును.

లీలావతీగణితము చదివినవారు గోళముయొక్క ఘనఫల మెఱుగుదురు. వ్యాసము సగమైనచో బరువు సగము కాదు, ఎనిమిదవ వంతగును. నాలుగు బోరు గొట్టము వెడల్పు అంగుళమునకు కొంచె మెక్కువ. ముప్పదిరెండు బోరుది అర అంగుళమునకు కొంచె మెక్కువ. వెడల్పు సగమే తగ్గినది, గుండు మాత్రము ఎనిమిదవ వంతునకు దిగినది. ఈ సూత్రము మనస్సున నుంచుకొన్న యెడల తరువాతి కథ సుబోధమగును.

శామ్యూల్ బేకరు అను నాంగ్లేయుడు 1840లో బ్రిస్టలు నగరమునందలి గిబ్సు అను తుపాకుల తయారీదారునిచేత ఒంటిగొట్టపు రైఫిలు నొకదానిని చేయించుకొనెను. రైఫిలనగా గొట్టములోపల మరచుట్టువలె తిరిగిన గాడులు గల తుపాకి. ఆ గాడుల వలన గుండు బొంగరమువలె తిరుగుచు దారి తప్పక పోవును. బేకరు రైఫిలు బరువు 21 పౌనులు. గుండు మూడు ఔన్సులు, అనగా ఏడు తులములకు పైన. దీనిని గైకొని అతడు సింహళద్వీపమున ఏనుగులను వేటాడెను. నాటి నల్లమందుతో గుండునకు గొప్ప వేగము రాదు. వేగము లేనిచో బరువైనను ఉండవలెను. కావున పెద్ద మృగమునకు పెద్ద గుండు అనుట నాటి సిద్ధాంతము.

దాని దోషము ఫ్రెడరిక్ సెలూసు చరిత్రమున కనబడును. ఇతడు 1870 దాటిన తొలి యేండ్లలో దక్షిణాఫ్రికాలో ఏనుగుల వేటకు నాలుగు బోరు తుపాకులు కొనెను. అవి గాడులు లేనివి, ముందునుండి మందు దట్టించునవి, పన్నెండున్నర పౌనుల బరువు గలవి. ఇచ్చట చిన్న లెక్క వేయుదము. బేకరు తుపాకి తన గుండునకు నూటపండ్రెండు రెట్ల బరువు. సెలూసు తుపాకి తన గుండునకు ఏబది రెట్లు మాత్రమే. గుండు ముందునకు పోవునపుడు తుపాకి వెనుకకు తన్నును గదా. తుపాకి తేలికయైనకొలది ఆ తన్ను భుజమునకు హెచ్చుగ తగులును. ఆ తుపాకులతో అతడు పెక్కు ఏనుగులను కూల్చెను. కాని ఆ తన్నుల వలన తన నరములు చెడి, పేల్చునపుడు చేయి బెదరు నలవాటు పట్టుకొన్నదని తానే వ్రాసికొనెను. పిదప అతడు వానిని విడిచి, గిబ్సువారి ఒంటిగొట్టపు .450 రైఫిలును చేపట్టెను. ఏ గుండు మృగమును చంపునో అనునది సగము ప్రశ్నయే. ఏ గుండును మనుష్యుడు బెదరక పేల్చగలడో అనునది తక్కిన సగము.

ఇంతలో మన దేశమునందే మఱియొక వాదము పుట్టెను. మధ్యపరగణాలలో ఉద్యోగము చేసిన కెప్టెన్ జేమ్సు ఫోర్సైతు 1863లో వేటరైఫిళ్లను గుఱించి ఒక గ్రంథము ప్రకటించెను. దట్టమైన అడవిలో మృగము కొలదిదూరముననే కనబడును, నిలిచియుండదు; దూరమును లెక్కించుటకు వ్యవధి యుండదు. గుండు వంపుగ పోయినచో గురి హెచ్చుతగ్గులగును. కావున గుండ్రని గుండును, దండిగ మందును వాడవలెననియు, గొట్టములోని గాడులు మెల్లగ తిరుగవలెననియు అతని మతము. గాడులు వడిగ తిరిగినచో, వేగముగ తోసిన గుండ్రని గుండు వానిని పట్టుకొనక జాఱిపోవును.

దూరపు గురిని కోరినవారి మార్గము వేఱు. వారు సన్నని పొడవైన గుండ్లను, వడిగ తిరుగు గాడులను పొగడిరి. పొడవైన గుండ్లు వచ్చిన పిదప బోరు సంఖ్య పనికిరాక, అంగుళపు భాగములలో చెప్పుట వాడుకయయ్యెను. .450 అనగా అంగుళమును వేయి భాగములు చేసిన అందు 450. ఈ కొలతనే కాలిబరందురు.

ఈ రెండు మతములకును నడుమ ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు వెలసినవి. లండనునందలి పర్డీ 1856 ప్రాంతమున తన తుపాకులకు వేగముగ పోవు రైలుబండి పేరు పెట్టెను. ఆ పేరే జాతికెల్ల నిలిచినది. తేలికయైన గుండు, దండిగ మందు, గుండు మొనయందు తొలిచిన గుంట. ఇది లేడి, పులి మొదలగు పలుచని చర్మము గల జంతువులకు చక్కగ పనిచేసెను. కాని అడవిదున్న వంటి మందపు తోలు, బలిసిన ఎముక గల మృగమునకు తగిలినచో, బోలుగుండు పైపైననే ముక్కలగుటయు గలదు. అప్పుడు మృగము చావదు, బాధతో పోవును. ఒకే కాలిబరు ఒక జంతువునకు తగియు, వేఱొకదానికి తగక యుండుట ఇట్లు.

తుపాకి వెనుకభాగము గూడ ఈ కాలముననే బలపడినది. 1871లో ఆంగ్లసైన్యము స్వీకరించిన మార్టినీ-హెన్రీయు, 1872లో స్కాట్లాండువాడైన జాన్ ఫార్కర్సన్ పొందిన పేటెంటుపై గిబ్సువారు చేసిన రైఫిలును ఒక్కవేటువే. ఫార్కర్సన్ రైఫిలున తూటా వెనుక ఒక ఉక్కుదిమ్మ క్రిందికి దిగి, మరల లేచి ద్వారమును మూయును. తూటా పొడవైనను, మందు హెచ్చినను ఆ దిమ్మ తట్టుకొనును. అమెరికాలో జాన్ బ్రౌనింగు 1879లో పేటెంటు పొందిన ఒక్కవేటు రైఫిలును వించెస్టరువారు 1885 నమూనాగ విడిచిరి. ఆ యొక్క రైఫిలునే .22 మొదలు .50 వఱకు అనేక కాలిబరులలో చేసిరి. కొనువాడు తానే ఎంచుకొనవలసివచ్చెను.

పొగలేని మందు వచ్చినతోడనే పాత లెక్క లన్నియు తాఱుమాఱైనవి. ఫ్రాన్సులో వియే 1884లో దానిని సాధించెను; ఇంగ్లాండున కార్డైటు 1889లో వచ్చెను. మార్టినీ-హెన్రీ గుండు 480 గ్రెయినులు. తులమునకు 180 గ్రెయినులు గనుక, రెండు తులముల మీద మూడింట రెండు వంతులు. దాని వేగము క్షణమునకు 1350 అడుగుల ప్రాంతము. 1898లో రిగ్బీవారు తెచ్చిన .450 కార్డైటు తూటా గుండును 480 గ్రెయినులే. వేగము మాత్రము 2150 అడుగులు. వెడల్పు ఇంచుమించు అదే, బరువు అదే. శక్తి వేగవర్గమును బట్టి యుండును గనుక, దెబ్బ ఇంచుమించు రెండున్నర రెట్లయ్యెను. పది తులముల సీసము అవసరము తీఱిపోయెను.

ఆ .450 కు ఇండియాలో గండము వచ్చినది, మృగముల వలన గాదు, రాజ్యభయము వలన. వాయవ్యసరిహద్దున తిరుగబడువారి చేతులలో పాత మార్టినీ-హెన్రీ తుపాకులుండెను. ఆ కొలత గుండ్లు వారికి చేరునను భయముచే, 1907 ప్రాంతమున ఇండియాలో వేటగాండ్రకు .450 కాలిబరును నిషేధించిరి. తయారీదారులు ఊరకుండిరా? .465, .470 మొదలగు క్రొత్త కొలతలతో తూటాలను తెచ్చిరి. వాని పని యంతయు .450 పనియే. మృగము మాఱలేదు, మందు మాఱలేదు; చట్టము గీచిన గీటును దాటుటకు అంగుళములో వేయవ వంతులు కొన్ని పెంచిరి. స్వాతంత్ర్యానంతరము ఈషాపూరు కర్మాగారమున పౌరులకొఱకు .315 రైఫిళ్లు చేసిరి. సైన్యపు కొలతలు పౌరులకు కూడవను నియమమే అందును పనిచేసినది.

ఇక ధర్మవిచారము. సరిపడని గుండు, తప్పిన గురి వేటగానికి నష్టము మాత్రమే కాదు. చంపావతి పులి యను ఆడుపులి నేపాళమునందును కుమావూను కొండలయందును 436 మందిని చంపినదని లెక్క. 1907లో జిమ్ కార్బెట్టు దానిని చంపి చూచునప్పటికి, కుడివైపు కోఱలు రెండును విఱిగియుండెను. క్రిందిది ఎముక వఱకు పోయినది. అది ఎవరో పూర్వము పేల్చిన తుపాకిదెబ్బ ఫలము. సహజమైన ఆహారమును పట్టలేకనే అది మనుష్యుల మీద పడినదని అతడు వ్రాసెను. పేల్చినవాడు ఇంటికి పోయి మఱచియుండును. ఆ గుండునకు మూల్యము చెల్లించినవారు కట్టెలకు, గడ్డికి పోయిన పల్లెవారు.

తగిన గుండును, తప్పని గురియు నున్నంతమాత్రమున సరిపోవునా యనిన, అదియు గాదు. అమెరికా మైదానములలో 1870 మొదలు షార్ప్స్ రైఫిళ్లతో అడవిదున్నలను చంపిరి. అవియు ఒక్కవేటువే. .50-90 అనగా అర అంగుళపు గుండు, 90 గ్రెయినుల, అనగా అరతులము మందు. పనికి సరిగా కుదిరిన కొలత. 1883 నాటికి ఆ మహామందలు అంతరించెను. 1889లో హార్నడే లెక్కించగా మిగిలినవి 1,091. సాధనమున లోపము లేదు. ఎచ్చట ఆగవలెనో చెప్పు కొలత ఏ తుపాకి మీదను చెక్కియుండదు.

మన దేశమున 1972 వన్యప్రాణి సంరక్షణచట్టముతో వినోదపు వేటకు కళ్లెము పడినది. ఆ చట్టము రాకముందు ఆ కొలత వేటగాని మనస్సుననే యుండవలసివచ్చెను. అది చాలనందుననే చట్టము రావలసివచ్చెను. కావున మీ యూర ఏ పెద్దయింటనైన పాత ఒక్కవేటు తుపాకి గోడకు వ్రేలాడుచున్నచో, దానికి లైసెన్సు ఉన్నదో లేదో మొదట విచారింపుడు. పిదప దాని గొట్టముపై చెక్కిన అంకెను పిల్లలకు చూపి, ఈ లెక్కయు, ఈ కథయు చెప్పుడు. ఒక్క వేటు గలవాడు పేల్చుటకు ముందే ఆలోచింపవలెనని వారికి తెలిసినచో చాలును.