శ్లేష్మమును పలుచన చేసే పొడి: ఒక మందు అనుమతి కథ

జలుబు చేసినప్పుడు గొంతులో చేరే కఫము మనమందరమూ ఎరిగినదే. నాలుగు రోజులలో అది పలుచబడి దగ్గుతో వెళ్ళిపోతుంది. కాని పుట్టినది మొదలు ఊపిరితిత్తులలో కఫము జిగురువలె చిక్కబడి, ఎంత దగ్గినా కదలని వారు కొందరున్నారు. ఈ వ్యాధిని సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటారు. ఐరోపా సంతతి వారిలో ఇది హెచ్చు. 1938 లో అమెరికాలో డోరతీ ఆండర్సన్ అనే వైద్యురాలు దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. దీనికి మూలమైన జన్యువు 1989 లో దొరికినది. ఆ జన్యువు వలన తయారు కావలసిన ప్రోటీను, కణముల పొరలో ఉప్పు రాకపోకలకు ద్వారము వంటిది. ద్వారము చెడితే ఉప్పు కదలదు, ఉప్పు వెంట పోయే నీరూ కదలదు. శ్వాసనాళముల లోపలి తడి ఆరిపోయి, చిక్కని శ్లేష్మములో సూక్ష్మజీవులు కాపురము పెడతాయి.

మరి ఆ శ్లేష్మములోనికి నీటిని రప్పించుట ఎట్లు? ఊరగాయ పెట్టే ఇల్లాలికి ఈ కిటుకు తెలుసు. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లవారేసరికి ఊట దిగుతుంది. ఉప్పుకు బదులు చక్కెర జాతి పదార్థమైనా ఇదే విధముగా నీటిని లాగుతుంది. శాస్త్రజ్ఞులు దీనిని ద్రవాభిసరణము అంటారు.

సిడ్నీ నగరములోని రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ ఆసుపత్రిలో శాండ్రా ఆండర్సన్, ఉబ్బసమును గుర్తించే పరీక్ష కొరకు మానిటాల్ పొడిని రోగులచేత పీల్పించేవారు. మన ఆసుపత్రులలో మెదడులో వాపు తగ్గించుటకు నరములోనికి ఎక్కించే మానిటాలే ఇది, కొత్త పదార్థమేమీ కాదు. ఆ పొడి శ్లేష్మమును కూడా కదిలించగలదని అక్కడి పరిశోధకులు 1990 దశకములో చూపారు. 1998 లో ఏర్పడిన ఫార్మాక్సిస్ అనే ఆస్ట్రేలియా సంస్థ దీనిని బ్రాంకిటాల్ అనే పేరుతో మందుగా తీర్చిదిద్దినది. పూటకు 40 మిల్లిగ్రాముల క్యాప్సూళ్ళు పది, రోజుకు రెండు పూటలు పీల్చవలెను.

చిక్కంతా ఇక్కడినుండే. ఒక్కొక్కటి సుమారు 300 మందిపై, 26 వారముల చొప్పున రెండు పెద్ద పరీక్షలు జరిగినవి. మానిటాల్ తియ్యగా ఉంటుంది గనుక వేరే పొడి ఇస్తే రోగి పసిగట్టవచ్చును. అందుచేత పోల్చి చూచుటకు రెండవ వర్గము వారికి అదే మందును 50 మిల్లిగ్రాముల స్వల్ప మోతాదులో ఇచ్చారు. ముఖ్యముగా కొలిచినది, బలముగా ఊదినప్పుడు మొదటి సెకండులో వెలువడే గాలి. మొదటి పరీక్షలో మేలు స్పష్టముగానే కనబడినది. కాని పూర్తి మోతాదు పుచ్చుకొన్న వారిలోనే ఎక్కువమంది నడుమ మానుకొన్నారు. రెండవ పరీక్షలో రెండు వర్గముల తేడా 54 మిల్లీలీటర్లు, అనగా పదకొండు చిన్న చెంచాలకు సరిపడే గాలి. మందుకు ఏ గుణమూ లేకున్నా ఇంత తేడా కాకతాళీయముగా కనబడే అవకాశము 0.059 అని లెక్క తేలినది. వాడుకలో ఉన్న హద్దు 0.05. వెంట్రుకవాసిలో తప్పినది!

ఇంచుమించు ఈ లెక్కలమీదనే మూడు చోట్ల మూడు తీర్పులు వెలువడినవి. ఆస్ట్రేలియా 2011 ఫిబ్రవరిలో ఆరేండ్లు, ఆపై వయస్సు గలవారికి అనుమతించినది. ఐరోపా నిపుణుల సంఘము 2011 జూనులో కాదన్నది, పునఃపరిశీలించి అక్టోబరులో ఔనన్నది. 2012 ఏప్రిలులో అక్కడ పెద్దలకు మాత్రమే అనుమతి వచ్చినది. అమెరికాలో ఆహార ఔషధ పాలనా సంస్థకు సలహా ఇచ్చే నిపుణులు 14 మందీ 2013 జనవరి 30 న వ్యతిరేకముగా వోటు వేశారు.

నడుమ మానుకొన్నవారి సంగతి ఏమిటన్నది వారి సందేహము. పొడి గిట్టకనే మానుకొని ఉంటే, మిగిలినవారి లెక్క మందు గిట్టినవారి లెక్క మాత్రమే. చదువురాని పిల్లలు పరీక్షనాడు ఎగవేస్తే తరగతి సగటు మార్కు పెరుగుతుంది గదా! పిల్లలలో కఫముతో పాటు రక్తము పడుట కూడా వారిని కలవరపెట్టినది. ఈ పట్టుదల నాకు మొదట చాదస్తముగా తోచినది. లెక్క చూచిన తరువాత న్యాయమే అనిపించినది. అయినా ఏటేటా ఊపిరి తగ్గుతున్న రోగికి ఏడేండ్లు చిన్న కాలము కాదు.

మూడవ పరీక్ష 423 మంది పెద్దలపై జరిగినది. తేడా మరల 54 మిల్లీలీటర్లే. కాని ఈసారి కాకతాళీయపు అవకాశము 0.020. మేలు పెరగలేదు, దానిమీది నమ్మకము పెరిగినది. 2019 మే 8 న నిపుణులలో తొమ్మిదిమంది అనుకూలముగా, ఏడుగురు ప్రతికూలముగా వోటు వేశారు. అప్పటికీ సంస్థ వెంటనే ఒప్పుకొనలేదు. ప్యాకింగును, దానిమీది సూచనలను సవరించమని జూనులో వెనుకకు పంపినది. చివరకు 2020 అక్టోబరు 30 న అనుమతి లభించినది. అది 18 ఏండ్లు నిండినవారికి, ఇతర చికిత్సలకు తోడుగా మాత్రమే. అదియును ముందుగా వైద్యుని ఎదుట పీల్చి, శ్వాసనాళములు బిగుసుకొనుట లేదని తేలినవారికే.

దీనికి ఒక ఏడాది ముందే, 2019 అక్టోబరులో, చెడిన ప్రోటీనునే సరిదిద్దే మూడు మందుల కూర్పు ఒకటి అమెరికాలో అనుమతి పొందినది. అయితే అది అన్ని జన్యుదోషములకూ పనిచేయదు. పనిచేయనివారు ఇప్పటికీ కఫమును పలుచన చేసే మందులమీదనే ఆధారపడి ఉన్నారు.