మలుపులో మూలిగే బండి: ఇరుసు నుండి బేరింగు దాకా



తిన్నగా పోతున్నంతసేపు మౌనంగా ఉండి, మలుపు తిప్పగానే గరగరమని మోత పెట్టే పికప్ బండ్లను మీరూ చూసే ఉంటారు. వడ్ల బస్తాలు, విత్తనాల సంచులు, కూరగాయలు మోసే ఇటువంటి బండ్లు మా హుజూరాబాదులో చాలా ఉన్నాయి గనుక ఈ మోత మాకు పరిచితమే. అది మలుపులోనే ఎందుకు పుడుతుందన్న ప్రశ్నకు జవాబు చక్రం చరిత్రలోనే ఉన్నది. ఈ టపా ఆ చరిత్రను గురించి.

ఎడ్లబండితో మొదలుపెడదాం. మా వైపు బండి చక్రాన్ని గీర అంటారు. రెండు గీరలు, వాటి నడుమ తిరగని ఇరుసు, గీర ఊడిపోకుండా ఇరుసు కొసన శీల. ఇరుసు మన దేశిపదం. సంస్కృతంలోని అక్షము, లాటిను ఆక్సిస్, ఇంగ్లీషు ఆక్సిల్ ఒకదానికొకటి జ్ఞాతులు. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్న ఎక్కువ దూరం నడవాలి. ఎడ్లబండికి ఏ గీర దానికదే తిరుగుతుంది గనుక ఆ చిక్కు లేదు. ఉన్న చిక్కల్లా రాపిడి. బండి పక్కకు తిరిగినప్పుడు చక్రపు నాభి శీలను ఒరుసుకుంటుంది. దానికి మందు కందెన, అనగా ఆముదంలో వరిగడ్డి మసి కలిపిన ముద్ద. సుమతీ శతకకారుడు కరణాలతో వ్యవహారాన్ని చెప్పడానికి ఇరుసుకు పెట్టే కందెననే ఉపమానంగా తీసుకున్నాడంటే, ఆ అవసరం ఎంత లోకవిదితమో తెలుస్తున్నది.

నాలుగు చక్రాల బండితో కొత్త చిక్కులు వచ్చాయి. ముందు ఇరుసు మొత్తంగా తిరిగితే బండి ఒరిగిపోయే ప్రమాదం ఉన్నది. మ్యూనిక్ నగరంలో బండ్లు కట్టే లాంకెన్‌స్పెర్గర్ 1817లో ముందు చక్రాలు రెండూ విడివిడిగా తిరిగే ఏర్పాటు కనిపెట్టాడు. 1818లో ఇంగ్లండులో దానికి పేటెంటు పొందినవాడు అతని ప్రతినిధి రుడాల్ఫ్ ఆకర్‌మన్. కనిపెట్టినవాడొకడు, పేరు మిగిలినది ఇంకొకడికి! తరువాత ఇంజను శక్తితో వెనుక చక్రాలను తిప్పవలసి వచ్చినప్పుడు, ఆ రెండు చక్రాలు వేరువేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ అవసరమయింది. ఫ్రాన్సు దేశపు గడియారాల పనివాడు పెకర్ 1820ల చివర దానిని ఆవిరి బండికి అమర్చే పద్ధతి చూపాడు.

ఇక రాపిడి సంగతి. వేల్స్ ప్రాంతపు ఫిలిప్ వాన్ 1794లోనే బండి ఇరుసుకు గుండ్ల బేరింగు పెట్టి పేటెంటు పొందాడు. అయితే మలుపులో చక్రం మీద రెండు బరువులు పడతాయి: పైనుంచి మోత బరువు, పక్కనుంచి తోపు. ఈ రెంటినీ ఒక్కచోట మోయగల ఏర్పాటు అమెరికాలో సెయింట్ లూయిస్ నగరపు బండ్ల తయారీదారు హెన్రీ టిమ్‌కెన్ చేశాడు. ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉండే ఏటవాలు రోలర్లతో చేసిన ఆ బేరింగుకు 1898లో పేటెంటు వచ్చింది. గుర్రపు బండి కోసం పుట్టిన ఆ బేరింగు మోటారు బండికి దక్కింది.

మా నిజాము రాజ్యంలో 1932లో రైల్వే శాఖ 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. 1942లో హైదరాబాదులో ఆల్విన్ సంస్థ వెలిసింది. 1980లలో అదే ఆల్విన్, జపానుకు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు తయారు చేసింది. ఆ కర్మాగారం తరువాత మహీంద్రా వారి చేతికి వెళ్లింది. ఆ విధంగా వడ్లాయన, కమ్మరి చేతిలోని విద్య క్రమంగా మెకానిక్కు షెడ్డుకు చేరింది.

నిరుడు మా వీధిలోని కూరగాయల పికప్ ఒకటి ఎడమకు తిరిగినప్పుడల్లా గరగరలాడింది. కిరాయిల కాలం గడిచాక చూద్దామన్నాడు డ్రైవరు. నా పూర్వ విద్యార్థి ఒకడు షెడ్డు నడుపుతున్నాడు. అతని వద్దకు పంపి నేనూ వెంట వెళ్లాను.

అతడు ముందుగా బండిని నిలబెట్టి, ఇంజను నడుస్తుండగా స్టీరింగు అటూ ఇటూ తిప్పాడు. మోత లేదు, కనుక దోషం స్టీరింగుది కాదు. పిదప నడిపి చూశాడు. వేగంతో మోత పెరుగుతున్నది. ఎడమకు తిప్పితే హెచ్చుతున్నది, కుడికి తిప్పితే తగ్గుతున్నది.

"సార్, ఎడమకు తిప్పితె బరువంత కుడి దిక్కు పడతది. కుడి గీర బేరింగు పోయినట్టున్నది" అన్నాడు.

మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండు ఉంచాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే కదిలింది. చేత్తో తిప్పుతూ రెండవ చేయి స్ప్రింగు మీద ఆనిస్తే గరుకుదనం వేళ్లకు తగిలింది. బ్రేకు వెనుక రేకు ఒరుసుకుంటున్నదా, రాయి ఇరుక్కున్నదా అని కూడా చూశాడు. అవేవీ కావు. హబ్బు విప్పితే గ్రీజు మాడి నల్లబడి ఉన్నది, రోలర్ల మీద గుంటలు పడి ఉన్నాయి, లోపలి కోను వేడికి నీలం తిరిగి ఉన్నది. ఇంకొన్నాళ్లు నడిస్తే బేరింగు పట్టేసి, చక్రం బిగిసిపోయేది, లేదా ఇరుసే విరిగేది. ఆ బండి నిండా సరుకుతో, పక్కన కూర్చున్న ఇద్దరు మనుషులతో రోజూ కరీంనగరం పోయివచ్చేది.

లోపలి కోను, బయటి కప్పు రెండూ జతగా మార్చాడు. పాతదానితో కొత్తది కలిస్తే మళ్లీ అరుగుతుందట. రోలర్ల సందుల్లోకి గ్రీజు పట్టేటట్టు అరచేతితో ఒత్తాడు. కొత్త సీలు వేసి, చక్రాన్ని తిప్పుతూనే నట్టు బిగించి, పిదప కాస్త వదులు చేసి, స్ప్లిట్ పిన్ను గుచ్చాడు. ఎడ్లబండి శీల ఇంకా ఊడిగం చేస్తూనే ఉన్నదనిపించింది. గ్రీజు మన కందెనే కదా.

బండి మూలుగు చెవిన పడిన నాడే చూపిస్తే ఒక బేరింగుతో పోతుంది. ఆలస్యం చేస్తే ఇరుసూ పోతుంది, ప్రాణానికీ ముప్పే. బండి భాష వినడం మన పెద్దలకు తెలుసు, షెడ్డులోని పిల్లలకూ తెలుసు. మధ్యలో మనం దానిని మరచిపోకుండా ఉంటే చాలు.

మీ ప్రాంతంలో గీరకు, శీలకు, కందెనకు వేరే పేర్లు ఉంటే తెలుపగోరుతాను.