పెరటి మొక్కల పుట్టిళ్లు

చరిత్ర అనగానే మనకి రాజులు, యుద్ధాలు, కోటలు గుర్తుకొస్తాయి. బడిలో బట్టీపట్టిన తారీఖులు గుర్తుకొస్తాయి. కాని వంటింటి వెనక తలుపు తీసి చూస్తే అక్కడా బోలెడు చరిత్ర ఉంది. నూతి పక్కన కరివేప చెట్టు, పందిరి మీద చిక్కుడు పాదు, గోడవార నాలుగు మిరప మొక్కలు, గోంగూర మడి, తులసి కోట. ఇవన్నీ మొదటినుంచీ మనవేనా? మనవి కానివి ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఈ వేళ ఆ ముచ్చట్లు కొన్ని చెప్పుకుందాం.

ఆడవాళ్లకి పుట్టిల్లు, మెట్టినిల్లు అని రెండున్నట్టే మొక్కలకీ ఉన్నాయి. కొన్ని ఈ గడ్డ మీదే పుట్టి ఇక్కడే ఉండిపోయాయి. కొన్ని ఇక్కడ పుట్టి పైదేశాలకి వెళ్లాయి. మరికొన్ని సముద్రాలు దాటి మనింటికి కోడళ్లుగా వచ్చాయి.

ముందు మన ఆడపడుచుల సంగతి చూద్దాం. దోస, ములగ, కరివేప, కాకర, దొండ మనకి బాగా పాతకాపులు. ములగ చెట్టు హిమాలయాల దిగువ ప్రాంతాల్లో పుట్టిందంటారు. దాని శాస్త్రీయ నామం ‘మొరింగా’ కూడా తమిళుల ‘మురుంగై’ నుంచి వచ్చిందే. ఇక వంకాయ సంగతి మరీ తమాషాగా ఉంటుంది. సంస్కృతంలో దీనికున్న పేర్లలో ఒకటి ‘వాతింగణ’. అది పారశీకుల నోట ‘బాదింగాన్’ అయింది. అరబ్బుల నోట ‘అల్ బాదింజాన్’ అయింది. అరబ్బుల దగ్గర్నుంచి పోర్చుగీసువారు అందుకుని ‘బెరింజెలా’ అన్నారు. ఆ పోర్చుగీసువారే ఓడలెక్కి మన దేశం వచ్చారు. వారి మాట పట్టుకునే ఇక్కడి ఇంగ్లీషువాళ్లు వంకాయని ‘బ్రింజాల్’ అన్నారు. అంటే మన పిల్ల దేశాలన్నీ తిరిగి, పేరు మార్చుకుని, పుట్టింటికి చుట్టపుచూపుగా వచ్చిందన్నమాట!

ఇప్పుడు కోడళ్ల సంగతి. వాస్కో డ గామా 1498లో కాలికట్టు చేరాడు. 1510లో పోర్చుగీసువారు గోవా పట్టుకున్నారు. అంతకుముందు 1492లోనే కొలంబస్ అమెరికా దీవుల్లో అడుగుపెట్టాడు. అక్కడి పంటలు కొత్త సముద్రమార్గాల్లో మన రేవులకి చేరాయి. మిరప, టొమాటో, బంగాళదుంప, బొప్పాయి, జామ, మొక్కజొన్న, వేరుశనగ, వీటన్నిటి పుట్టిల్లు అమెరికాయే.

మిరపకాయ లేని తెలుగు వంటని మనం ఊహించగలమా? కాని శ్రీనాథుడు పల్నాటి జొన్నకూటిని ఎద్దేవా చేస్తూ చాటువులు చెప్పాడంటారు కదా, ఆయన కాలానికి పల్నాట ఒక్క మిరపకాయైనా లేదు. ఆయన పదిహేనో శతాబ్దం వాడు. అప్పటివాళ్లకి కారం అంటే మిరియాలు, పిప్పళ్లు, అల్లమే. కొత్త కాయ వచ్చినప్పుడు మనవాళ్లు దానికి మిరియాన్ని పోలిన పేరే పెట్టుకున్నారు. మిరియం కొనుక్కోవాలి, మిరప పెరట్లో నాలుగు గింజలు జల్లితే మొలుస్తుంది. బీదవాడి విస్తట్లోకి కూడా కారం వచ్చింది ఆ కాయతోనే.

పేర్లు జాగ్రత్తగా చూస్తే పుట్టిళ్లు బయటపడతాయి. బొప్పాయిని కొన్ని చోట్ల పరంగికాయ అంటారు. పరంగి అంటే పరదేశి తెల్లవాడు. బంగాళదుంప బెంగాలు మీదుగా వచ్చింది కనక ఆ పేరు. సీమచింత అన్నా సీమనుంచి వచ్చిందనే. టొమాటోకి మాత్రం మనవాళ్లు రామములగ అని రాములవారి పేరు పెట్టేశారు. సీతమ్మవారి పేరు పెట్టుకున్న సీతాఫలం కూడా అమెరికా సంబంధమేనని వృక్షశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అభిప్రాయం.

అందరు కోడళ్లూ అమెరికావాళ్లే కారు. చింతచెట్టుకి ఆఫ్రికా పుట్టిల్లు. అది ఎంత పూర్వం వచ్చి కలిసిపోయిందంటే, అరబ్బులు చింతపండుకి ‘హిందూ ఖర్జూరం’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు ‘టామరిండ్’ ఆ మాటే. మనం ఆంధ్రమాత అని నెత్తిన పెట్టుకునే గోంగూర జాతి కూడా ఆఫ్రికాదే అంటారు. అంటే గోంగూర పచ్చడిలో ఆకుది ఆఫ్రికా, మిరపది అమెరికా, నూరే చెయ్యి మాత్రం మనది! కోడలు వచ్చి నాలుగు తరాలైతే ఆవిడ పుట్టిల్లు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

గుర్తున్న చోటు ఒకటుంది. అది తద్దినం వంట. చాలా బ్రాహ్మణ కుటుంబాల్లో ఆ రోజు మిరపకాయ వాడరు, మిరియాలే వాడతారు. టొమాటో, బంగాళదుంప, క్యాబేజీ, కాలీఫ్లవరు వంటింట్లోకి రానివ్వరు. అరటికాయ, కంద, చేమ, పొట్ల, కాకర వండుతారు. ‘ఇదేం చాదస్తం’ అని కొత్తకోడళ్లు విసుక్కుంటారు. చాదస్తమే అనుకుందాం. కాని ఏ పుస్తకమూ లేకుండా, అయిదువందల ఏళ్ల కిందటి కూరల జాబితాని ఆ వంట దాదాపుగా కాపాడుకొచ్చింది. దాదాపు అని ఎందుకంటున్నానంటే, ఉల్లి, వెల్లుల్లి వంటివి పాతవే అయినా నిషేధం. వాటి కారణాలు వేరు. ఏమైనా ఆ జాబితా అత్తగారి నోటి నుంచి కోడలి చెవికి అందుతూ వచ్చిందే.

కాగితం మీదికి ఎక్కిన సంగతి కూడా ఒకటి చెప్పాలి. అది మన గోదావరి సీమలోనే జరిగింది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో 1781లో సామర్లకోట వచ్చాడు. 1793లో కలకత్తా తోటకి అధికారిగా వెళ్లేవరకూ అక్కడే తోట వేసి మిరియం, కాఫీ, దాల్చిన వంటివి పెంచి చూశాడు. ఇక్కడి చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి 300 బొమ్మలు ఏరి, కోరమాండలు తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి మూడు సంపుటాలు లండనులో వెలువరించారు. అందులో చాలా మొక్కలకి తెలుగు పేర్లు కూడా ఇచ్చారు. ఆయన స్నేహితుడు కోనిగ్ మరో వృక్షశాస్త్రజ్ఞుడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయాడు. కరివేపాకు శాస్త్రీయ నామంలో ‘కోనిగీ’ అన్న ముక్క ఆయన పేరే. మనం రోజూ పోపులో వేసే ఆకు మీద కాకినాడలో మట్టిలో కలిసిన ఒక పరదేశి పేరుంది.

1790 ప్రాంతాల ఆ జిల్లాల్లో ఘోరమైన కరువు వచ్చింది. రాక్స్‌బర్గ్ అది కళ్లారా చూసి, వానల్లేకపోయినా తిండిపెట్టే కొబ్బరి, తాటి, పనస, అరటి వంటివి విరివిగా నాటించాలని కంపెనీవారికి రాశాడు. పెరట్లో చెట్టుంటే ఇల్లు గడుస్తుందన్న సంగతి ఏ ఇల్లాలికైనా తెలిసిందే. దానికి ఒక దొర రాసిన ఉత్తరం సాక్ష్యంగా మిగిలింది.

కరువు మాట వచ్చింది కనక 1943 సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడు బెంగాలు కరువులో లక్షలమంది పోయారు. ఆహారం ఎక్కువగా పండించండన్న ప్రచారం దేశమంతటా సాగింది ఆ రోజుల్లోనే. ప్రపంచయుద్ధం రోజుల్లో ఇంగ్లండు, అమెరికాల్లోనూ గృహిణులు పూలమొక్కలు పీకి కూరమడులు వేశారు.

కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టటం వేరు. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న సంస్థవారు ఈ సంగతి ఇల్లాళ్లకి పదే పదే చెబుతూ వచ్చారు. పసిపిల్లల్లో రేచీకటి ఎక్కువగా ఉండటం చూసి 1970లో విటమిను ‘ఎ’ మందు పిల్లలకి పంచటం మొదలుపెట్టారు. తోటకూర, ములగాకు, కరివేపాకుల్లో ఆ విటమినుకి మూలమైన పదార్థం ఉంది. కాస్త నూనె తగిలితే అది ఒంటికి బాగా పడుతుంది. ఆకుకూరకి పోపు పెట్టడం రుచికొక్కదానికే కాదన్నమాట.

‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాద’ని సామెత. చేతికందే దాన్ని మనం లెక్కచెయ్యం. పైవాళ్లు మాత్రం లెక్కచేశారు. 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి, పసుపుతో గాయం మాన్పడం తమ కొత్త సంగతి అన్నట్టుగా పేటెంటు ఇచ్చారు. కూరగాయలు తరుగుతూ వేలు తెగితే పసుపు అద్దని ఇల్లాలు మనలో ఉందా? మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలివారు అభ్యంతరం చెప్పారు. కాని ‘మా అమ్మమ్మ చెప్పింది’ అంటే అక్కడ చెల్లదు కదా. పాత సంస్కృత గ్రంథాలు, పత్రికల్లో వ్యాసాలు, అన్నీ కలిపి 32 ఆధారాలు చూపిస్తే 1997లో ఆ పేటెంటు రద్దయింది. వేపనూనె మీద యూరపులో ఇచ్చిన పేటెంటు కూడా 2000లో రద్దు చేశారు. దాని మీద అప్పీలు 2005లో కొట్టేశారు. కాగితం మీద ఉన్నది నిలబడింది. కాగితం మీద లేని అమ్మమ్మల మాటలు ఎన్ని వాళ్లతోనే పోయాయో!

అందుకే రెండు చిన్న పనులు చెబుతాను. మొదటిది, ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక నోటు పుస్తకం తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. పొన్నగంటి, అవిసె, గలిజేరు, చెంచలి వంటి ఆకుల పేర్లు, ఏ ఆకు ఎప్పుడు వండుతారు, ఏది బాలింతకి పెడతారు, ఏది పెట్టరు, అన్నీ రాసుకోండి. చాకలిపద్దు రాసుకున్నంత సేపు పట్టదు.

రెండోది, ఫ్లాటులో పెరడు ఎక్కడిదని నిట్టూర్చకండి. ఎండ తగిలే బాల్కనీలో వెడల్పాటి తొట్టి ఉంటే తోటకూర నెలలోపే కోతకొస్తుంది. ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి జల్లితే కొత్తిమీర బాగా మొలుస్తుంది. బచ్చలి తీగ ముక్క గుచ్చితే చాలు. చిక్కుడు, బెండ కాయలు ఒకటి రెండు చెట్టునే ముదరనిచ్చి, గింజలు ఎండబెట్టి, బూడిదలో కలిపి సీసాలో పొయ్యండి. సీసా మీద పేరు, ఏ ఏడాది గింజో రాసి అతికించండి. పక్కింటావిడ అడిగితే నాలుగు గింజలు కాగితంలో పొట్లం కట్టి ఇవ్వండి. ఇన్ని దేశాల మొక్కలు మన పెరట్లోకి వచ్చి మనవైపోవటానికి, ఒక చెయ్యి మరో చేతిలో పెట్టిన గింజలు కూడా కారణమే.