నాసిరకపు గూఢచారి చిత్రములు – వానియందలి వినోదము

నవ్వులు పలుతెఱఁగులు. చతురోక్తి విని నవ్వుట యొకటి. పసిబిడ్డ తడఁబడు నడకఁ జూచి నవ్వుట యొకటి. కాలుజాఱి పడినవానిని జూచి నవ్వుట మఱియొకటి. మొదటిది బుద్ధివలనను, రెండవది వాత్సల్యమువలనను, మూఁడవది యహంకారమువలనను గలుగును. తమ నవ్వు ఈ మూఁటిలో దేనికిఁ జేరినదో విచారించుకొనువారు మిక్కిలి తక్కువ. భయపెట్టవలెనని తీసిన చిత్రము ప్రేక్షకులను నవ్వించినపుడు ఈ విచారణ మఱింత యావశ్యకమగును.

అట్టి చిత్రములలో నగ్రస్థానము స్వల్పధనముతోఁ దీసిన గూఢచారి చిత్రములది. అట్టపెట్టెవంటి యంత్రమును జూపి, ఇది లోకమునెల్ల భస్మము చేయునని ప్రతినాయకుఁడు గర్జించును. దారమున వ్రేలాడు బొమ్మవిమానము ఆకసమున వణఁకును. గ్రుద్దు తగులకమునుపే శత్రువు నేలఁగూలును. విద్యాధికులు కొందఱు ఇవి కాలహరణములని త్రోసివేయుదురు. మఱికొందఱు వీనిని వెదకి తెచ్చి, కడుపుబ్బ నవ్వి, మిత్రులఁ గూడఁబిలిచి మరలఁ జూతురు. ఈ నవ్వు మంచిదా, చెడ్డదా యని తీర్పు చెప్పుటకుముందు, ఈ చిత్రములు పుట్టిన విధమును దెలిసికొనుట యుక్తమని మేము తలఁచుచున్నాము.

ఇవియన్నియు నొక యాంగ్లగూఢచారికి నకళ్లని లోకులు చెప్పుదురు. అది కొంతవఱకే సత్యము. ఫ్రెంచి రచయితయగు జాఁ బ్రూస్ 'ఓయస్సెస్ 117' అను గూఢచారిని నాయకునిగాఁ జేసికొని 1949లోనే నవలలు వ్రాయ నారంభించెను. ఇయాన్ ఫ్లెమింగు జేమ్స్ బాండును సృష్టించి మొదటి నవలను బ్రకటించినది 1953లో. తెరమీఁదను నట్లే జరిగెను. ఫ్రెంచివాని మొదటి చిత్రము 1957లో వెలువడఁగా, బాండుని మొదటి చిత్రము 'డాక్టర్ నో' 1962లో వచ్చెను. అయినను లోకమును వెఱ్ఱెత్తించినది వెనుక వచ్చినదియే కావున, ముందు పుట్టినవాఁడు సైతము వెనుకవానికి నకలుగా నెన్నఁబడెను. కీర్తి కాలక్రమమును బాటింపదు గదా!

మూలమని చెప్పఁబడు 'డాక్టర్ నో' సైతము సంపన్నులు తీసిన చిత్రము గాదు. దానికైన వ్యయము సుమారు 10 లక్షల డాలర్లు. ప్రతినాయకుని భవనమున నొక గోడయంతయు గాజై, దాని కావల సముద్రజీవులు కనఁబడవలెనని దర్శకుని సంకల్పము. క్రొత్తగాఁ జిత్రీకరించుటకు ధనము చాలక, అంతకుముందే యెవరో తీసియుంచిన చేపల ఫిలిమును దెచ్చి వాడుకొనిరి. చిన్నచేపలు తెరపై మిక్కిలి పెద్దవిగాఁ గనఁబడెను. అంత సంభాషణములో రెండుమాటలు చేర్చి, ఆ గాజే వాని నట్లు పెద్దవిగాఁ జూపుచున్నదని పాత్రలచేతనే చెప్పించిరి. లేమిని నేర్పుతోఁ గప్పుట యన నిదియే. మూఁడేండ్లు గడచునప్పటికి, 1965లో, 'థండర్‌బాల్' చిత్రమునకు సుమారు 90 లక్షల డాలర్లు వ్యయ మయ్యెను. ఇట్లు మూలము ధనమునఁ బెరుగుచుండఁగా, అనుకరించువారి సంచి పెరుగలేదు. వారి యాశమాత్రము మూలముతో సమానముగాఁ బెరిగెను. ఆశకును సంచికిని నడుమ నేర్పడిన యా యగాధమునందే యీ నవ్వు పుట్టినది.

ఆ యగాధము ఇటలీదేశమున బాగుగాఁ గనఁబడును. అచటి నిర్మాతలు 1958 మొదలుకొని హెర్క్యులీసు మున్నగు పురాణవీరుల చిత్రములను విరివిగాఁ దీసిరి. ఆ మోజు తఱుగఁగానే, వీరుల తోలుకట్టు విప్పించి కోటు తొడిగించి, గూఢచారులను దయారుచేసిరి. 'ఏజెంట్ 077' అను సంఖ్యగల నాయకునితో 1965, 1966 సంవత్సరములలో మూఁడు చిత్రములు వెలువడెను. అంకెలు తాఱుమాఱైనను బాటసారి కన్నులకుఁ బ్రకటనపత్రము ఒక్కతీరుగనే కనఁబడునని వారి యెత్తు.

1967లో ఆల్బెర్టో డి మార్టినో దర్శకత్వమున వచ్చిన 'ఓకే కానరీ' యీ యెత్తులకెల్లఁ దలమానికము. బాండు వేషము వేసిన షాన్ కానరీ దొరకుట యసాధ్యము. కావున నతని తమ్ముఁడైన నీల్ కానరీని నాయకుని జేసిరి. ఇతఁడు ఎడింబరోలో గోడలకు గచ్చుపూఁత పని చేసినవాఁడు. ఇతని చుట్టును బాండు చిత్రములందుఁ గనఁబడిన బెర్నార్డ్ లీ, లోయిస్ మాక్స్‌వెల్, డానియేలా బియాంకి, అడోల్ఫో చెలీలను నిలిపిరి. సంగీతము కూర్చినవారిలో ఎన్నియో మొరికోనె వంటి మహావిద్వాంసుఁడు గలఁడు. కథలో నీల్ కానరీ పేరు డాక్టర్ కానరీ. అతఁడు శస్త్రవైద్యుఁడు, సమ్మోహనవిద్యలో నేర్పరి, ప్రఖ్యాతుఁడైన యొక గూఢచారికిఁ దమ్ముఁడు! లోహయంత్రముల నెల్ల స్తంభింపఁజేయు సాధనమును శత్రువులు నిర్మింతురు. తుపాకులు పనిచేయవు గాన, కడపటి పోరాటమున విండ్లును నమ్ములును బయటికి వచ్చును. ఇంతటి యసంభవమును నటకులు కించిత్తును నవ్వక, రాజ్యభారము వహించిన మంత్రులవలె నడపింతురు. చూచువారు నవ్వక యెట్లుందురు?

తెలుఁగుతెరపై నీ గాలి 1966లో వీచెను. డూండీ, సుందర్‌లాల్ నహతా నిర్మాతలుగా, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వమున, కృష్ణయు జయలలితయు నటించిన 'గూఢచారి 116' ఆ యేఁట వెలువడెను. కొమ్మూరి సాంబశివరావు నవలలలోని డిటెక్టివ్ యుగంధరును జదివి యానందించిన తెలుఁగువారికి రహస్యపరిశోధన క్రొత్తగాదు. తెరపై దానిని గనుట క్రొత్త. చిత్రము జయము నొందెను. కృష్ణ 'ఆంధ్రా జేమ్స్ బాండ్' అనిపించుకొనెను. మఱుసటి యేఁట నిదియే కథ జితేంద్ర నాయకుఁడుగా 'ఫర్జ్' అను హిందీచిత్ర మయ్యెను. తెలుఁగుచిత్రమునకు ఛాయాగ్రాహకుఁడైన రవికాంత్ నగాయిచ్ హిందీచిత్రమునకు దర్శకుఁ డయ్యెను. పిమ్మట కె. యస్. ఆర్. దాస్ దర్శకత్వమున కృష్ణయే నాయకుఁడుగా 1971లో 'జేమ్స్ బాండ్ 777', 1978లో 'ఏజెంట్ గోపి' వచ్చెను.

ఇచట చదువరు లొక్క విషయమును గమనింపవలెను. ఆ చిత్రములను మొదటఁ జూచినవారు నవ్వలేదు. నేలతరగతిలోఁ గూర్చుండి యీలలు వేసినవారికి మెఱయు దీపములు నిజముగా యంత్రములే. నాయకుని సాహసము నిజముగా సాహసమే. వారు లండన్ చిత్రమును బ్రక్కనఁ బెట్టుకొని చూచినవారు గారు. నవ్వినది వారి మనుమలు. కావున నాసిరకమను మాట చిత్రమునందు మాత్రమే యున్న గుణము గాదు. చూచువాని యనుభవముతోడను, కాలముతోడను మాఱునట్టిది. నేఁడు మనము నిశ్చేష్టులమై చూచుచున్న చిత్రములను జూచి మన మనుమలు నవ్వరని యెవరు చెప్పఁగలరు? 2018లో వచ్చిన 'గూఢచారి' యను తెలుఁగుచిత్రమున నాయకునికి 116 సంఖ్యనే యుంచిరి. వెనుకటి వేషమును జూచి నవ్వెడు తరమువారే దాని సంఖ్యను గౌరవముతో ధరించిరన్నమాట.

ఇఁక ఈ వినోదమునకుఁ గారణమేమి? వీధినాటకమున నొక తెర పట్టుకొని యిది కైలాసమన్నచో మనము నవ్వము. కఱ్ఱకిరీటము దాల్చినవానిని రారాజని యొప్పుకొందుము. అందుఁ జూచువానికిని ఆడువానికిని ముందే యొడంబడిక గలదు. లేమిని దాఁచుట యచట లేదు. చలనచిత్రమట్లు గాదు. అది యున్నదున్నట్లు చూపుదునని ప్రతిజ్ఞ చేయును. ఆ ప్రతిజ్ఞ చేసి, చేతఁగాక, చేతఁగాలేదని యొప్పుకొనక గంభీరముగా ముందుకు సాగినపుడు హాస్యము పుట్టును. అమెరికా రచయిత్రి సూసన్ సాంటాగ్ 1964లో నిట్టి యభిరుచినిఁగూర్చి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున, తన్నుఁ దా నెఱుఁగని యమాయకత్వమే దీనికిఁ బ్రాణమని నిరూపించెను. మాకును నదియే సత్యమని తోఁచుచున్నది. కావలెనని చెడఁగొట్టి తీసిన చిత్రము వెంటనే విసుగు పుట్టించును. 2006లో ఫ్రెంచివారు తమ పూర్వపు 117 గూఢచారిని బరిహసించుచు మిషెల్ హజానవీషియస్ దర్శకత్వమునఁ దీసిన చిత్రము హాయిగా నవ్వించును. కాని యది నేర్పరుల హాస్యము, నాసిరకము గాదు. అమాయకత్వమును ధనముతోఁ గొనుటకు వీలులేదు.

ఈ నవ్వునకుఁ దోడు కావలెను. ఒంటరిగాఁ జూచినచో నిట్టి చిత్రము తలనొప్పి. నలుగురితోఁ జూచినచో నుత్సవము. అమెరికాలో 1988లో నారంభమైన 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' అను టెలివిజను కార్యక్రమము దీనినే వృత్తిగాఁ జేసికొనెను. ఒక మనుష్యుఁడును రెండు యంత్రపుబొమ్మలును తెరముందుఁ గూర్చుండి, నాసిచిత్రమునకు వరుసగా వ్యాఖ్యానము చేయుచుందురు. 1993లో 'ఓకే కానరీ' సైతము పేరు మార్చుకొని వారి ముందునకు వచ్చెను. మఱపునఁ బడవలసిన చిత్రము నవ్వువలననే బ్రదికెను. నవ్వు ఒక్కొక్కతఱి గ్రంథాలయము చేయు పని చేయును.

ఇంతవఱకు నవ్వుపక్షమునే పలికితిమి. రెండవపక్షమును దెలుపుటకు ఫిలిప్పైను దీవులకుఁ బోవలెను. అచట 1981లో 'ఫర్ యువర్ హైట్ ఓన్లీ' యను చిత్రము వచ్చెను. ఆ యేఁటి బాండు చిత్రపు పేరునకు వెక్కిరింత యది. నాయకుఁడు ఏజెంట్ 00. వేషధారి వెంగ్ వెంగ్ అను పేరఁ బ్రసిద్ధుఁడైన ఎర్నెస్టో డి లా క్రూజ్. అతని యెత్తు 2 అడుగుల 9 అంగుళములు. కరాటే నేర్చినవాఁడు. అంచున నుక్కుగల టోపీ విసరి శత్రువులను గూల్చును. వీఁపునఁ గట్టుకొన్న యంత్రముతో నాకసమున కెగురును.

అపుడు ఇమెల్డా మార్కోస్ ఆధ్వర్యమున, లోకమునకుఁ దమ దేశపు వైభవమును జాటుటకై మనీలాలో నంతర్జాతీయ చిత్రోత్సవము నేర్పాటుచేసిరి. దానికై యొక మహాసౌధమును రాత్రింబవళ్లు త్వరపెట్టి కట్టించుచుండఁగా, 1981 నవంబరు 17వ తేదీన సారువ కూలి, పచ్చిసిమెంటులోఁ బడి పనివా రనేకులు మరణించిరి. ఉత్సవము మాత్ర మాఁగలేదు. 1982 జనవరిలో జరిగెను. ఆ సంతలోఁ బరదేశపు వర్తకు లాసక్తితోఁ గొనిపోయినది వెంగ్ వెంగ్ చిత్రమును. ఖండాంతరములందు జనులు నవ్విరి. అతఁడు 1992లో, 34 ఏండ్ల ప్రాయమున, పేదవాఁడుగనే గతించెను. ఆండ్రూ లీవోల్డ్ 2013లో నతని జీవితమును వెదకుచు నొక డాక్యుమెంటరీ తీసిన పిమ్మటఁ గాని, ఆ నవ్వినవారిలోఁ బలువుర కతని యసలు పేరైనఁ దెలియదు.

చదువరులారా, ఇందు నవ్వఁదగిన దేది? ఎగురు యంత్రమును జూచి నవ్వుట దోషము గాదు. నవ్వించుటకే యా చిత్రమును దీసిరి. కాని దేహపుఁబొడవును జూచి నవ్వుట కాలుజాఱినవానిని జూచి నవ్వుటకంటెను హీనము. ఆ రెండు నవ్వులు ఒక్క తెరముందే, ఒక్క నోటినుండియే వెలువడును. వానిని వేఱుపఱచుకొనుట చూచువాని బాధ్యత. మఱియు, నిజముగా నాసిరకమైన పని యేది? కొలఁది ధనముతో నొకనాఁటి వినోదము గల్పించిన చిత్రమా, మనుష్యులు క్రిందఁబడినను దీపములార్పని యుత్సవమా?

లేమివలన వచ్చిన దోషమును, బుద్ధివలన వచ్చిన దోషమును గూడ వేఱుపఱుపవలెను. అట్టయంత్రము లేమిదోషము, దానిని జూచి నవ్వవచ్చును. స్త్రీని నాయకుని బహుమానముగా నెంచుట, పరజాతివానిని బుట్టుకతోనే దుష్టునిగాఁ జూపుట బుద్ధిదోషములు. ఇవి ధనవంతుల చిత్రములందును గలవు. 'డాక్టర్ నో'లోఁ జీనాతల్లికిఁ బుట్టిన దుష్టుని వేషమును తెల్లవాఁడగు జోసెఫ్ వైజ్‌మన్ చేత వేయించిరి. 90 లక్షలు వెచ్చించినను ఈ దోషము పోదు. పేదచిత్రమున దీనిని వెక్కిరించి, ధనికచిత్రమున దీనినే మెచ్చుకొనుట న్యాయము గాదు.

కాఁబట్టి మా సిద్ధాంత మిది. ఈ చిత్రములను జూడుఁడు. నలుగురితోఁ గూడి నవ్వుఁడు. చూచిన పిమ్మట నందలి పేర్లను జదువుఁడు. ఆ దారమును బట్టుకొన్నవాఁడు, ఆ యట్టపెట్టెకు రంగు వేసినవాఁడు, తగులని గ్రుద్దునకు నిజముగనే నేలఁబడినవాఁడు పని తెలిసిన మనుష్యులు. వారికి లేనిది ధనము, కాలము, శ్రద్ధ గాదు. బిడ్డ నడకఁ జూచి నవ్వినతల్లి చేయి చాఁచి పట్టుకొనును. ఈ చిత్రములను జూచి నవ్వువారును, శిథిలములగుచున్న ప్రతులను భద్రపఱచియు, పనిచేసినవారి పేర్లను దలఁచియు నట్లే చేయి చాఁపవలెను. అపు డా నవ్వు మొదటి రెండు తెఱఁగులలోఁ జేరును. మూఁడవదానికి మన నోట స్థానముండదు.